పొద్దున్నే వేడిగా ఉన్న ఇంజను

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక, మహేశ్వరం దాటాక ఉన్న తన వాటా మూడెకరాలను తానే సాగు చేస్తానన్నాడు. అప్పటిదాకా ఆ భూమి కౌలుకిచ్చేవాళ్లం. మొదటి రెండేళ్లూ కిరాయి ట్రాక్టరు మీద ఆధారపడ్డాం. తొలకరి పడగానే ట్రాక్టరున్న వాళ్లకు పెద్ద రైతులే ముందు గుర్తొస్తారు. మా వంతు వచ్చేసరికి నేలలో పదును ఆరిపోయేది. రెండో ఏడు మక్కజొన్న గింజలు సగం మొలవనే లేదు.

"వచ్చే వానకాలానికి మన బండి మనకుండాలె," అన్నాడు. "కొత్తది మనతోని కాదు. పాతదే ఒక ట్రాక్టరు, దానెనుక కట్టనీకి ఒక విత్తనాల గొర్రు. గంతే."

మేముండేది కిషన్‌బాగ్‌లో. నేను ఉద్యోగం చేసింది ఒక ప్రభుత్వ కార్యాలయంలో, పాత దస్తావేజులు దాచే విభాగంలో. అసలును నకలుతో పోల్చి తేడా ఉంటే చెప్పడం నా పని. దిద్దిన అంకె, తర్వాత ఇరికించిన పేరు, వేరే సిరాతో పెట్టిన సంతకం, వీటిని వెతికి వెతికి నా కళ్లు అలాగే తయారయ్యాయి. కూరగాయల బండి దగ్గర కూడా తక్కెడ అడుగున ఏమైనా అంటించాడేమోనని వంగి చూస్తాను. మా ఆయన దీనికి పూర్తిగా వేరు. ఎవరేం చెప్పినా తలూపుతాడు. ఒక్క ఇంజన్ల దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు. "సప్పుడు వింటే చాలు, దాని జాతకం చెప్తా" అంటాడు.

అందుకే ట్రాక్టరు చూడ్డానికి ఆయన్ని ఒక్కణ్ణే పంపలేదు. ఆ ఎండాకాలం ఇద్దరం కలిసి ఐదు బండ్లు చూశాం. ఐదూ నేనే వద్దన్నాను. ఒకదానికి కాగితాలు లేవు. ఇంకోదానికి ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు సున్నాకు దగ్గర్లో ఉంది, బండి మాత్రం ముసలిది. మూడోదాని యజమాని నా ప్రశ్నలకు జవాబులు మా ఆయనకు చెప్పాడు. మిగతా రెండూ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు నాకే గుర్తు లేదు.

ఆరోది బహదూర్‌పురాలో, జూ గోడకు కొంచెం అవతల ఉన్న ఒక ఖాళీ జాగాలో దొరికింది. పాత లారీల ముందు భాగాలు, ట్రాలీ చక్రాలు, వాటి మధ్య ఐదారు ట్రాక్టర్లు. యజమాని అరవై దాటిన మనిషి. మెహెందీ పెట్టిన గడ్డం, మోకాళ్ల దాకా మడిచిన పైజామా. రేకుల పందిరి కింద కుర్చీలు వేయించి, మేము వద్దన్నా చాయ్ తెప్పించాడు. వద్దన్నా చాయ్ ఇచ్చేవాళ్లంటే నాకు మొదటి నుంచీ అనుమానమే.

"ఈ ఎర్రది చూడు అన్నా," అన్నాడు మా ఆయనతో. "ఒక్క చేతి బండి. వికారాబాద్ దిక్కు రైతుది. పొలం తప్ప రోడ్డు మొఖం చూడలే."

బండి తళతళలాడుతోంది. బ్రష్షు రబ్బరు పైపుల మీదుగా కూడా పోయింది. "రంగెందుకేసిన్రు భాయ్?" అన్నాను.

"పెండ్లిచూపులకు పిల్లను ఉత్తగనే కూసోబెడ్తరా అమ్మా?"

"రంగేస్తే లోపలేముందో అనుమానమొస్తది."

"ఎయ్యకపోతే ఎవ్వరు దగ్గరికే రారు. ఏం చెయ్యమంటరు, చెప్పుండ్రి?"

మా ఆయన ఎక్కి కూర్చున్నాడు. క్లచ్ మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తాళం తిప్పాడు. ఇంజను అరక్షణంలో అందుకుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను కళ్లద్దాలు సవరించుకుని, కిరోసిన్ గుడ్డ అడిగి తీసుకుని, ఛాసిస్ మీద చెక్కిన నంబరు మీది రంగు తుడిచాను. ఆర్సీ పుస్తకంలోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చాను. ఒకచోట మూడా ఎనిమిదా అని సందేహం వచ్చి వేలితో తడిమి చూశాను. మూడే. అన్నీ సరిపోయాయి. యజమాని పేరు ఒక్కటే, ఊరు వికారాబాద్ వైపుదే. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశగా అనిపించింది.

ఇంటికొచ్చాక, డిపోలో మా ఆయనతో పనిచేసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"చల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలె వదినా," అన్నాడతను. "ముందే వేడి చేసి పెడితే ముసలి ఇంజను గూడ పడుచుదాని లెక్క లేస్తది. పొద్దుగాల పోండ్రి. చెప్పకుండ పోండ్రి."

మర్నాడు తెల్లవారగానే బయల్దేరదీశాను. మా ఆయనకు ఇష్టం లేదు. "దొంగల ఇంటి మీదికి పోయినట్టు ఏంది ఇది?" అని దారి పొడవునా గొణిగాడు. గేటు తీసే ఉంది. నేను నేరుగా ఎర్ర ట్రాక్టరు దగ్గరికి వెళ్లి ఇంజను మీద చెయ్యి పెట్టాను.

వేడిగా ఉంది.

అప్పుడే చాయ్ గిన్నె దించిన పొయ్యి గట్టు ఉంటుందే, అంత వేడి. వెనక్కి వెళ్లి చూశాను. ట్రాలీ తగిలించే కొక్కెం రంధ్రం గుండ్రంగా లేదు, అరిగి కోలగా సాగింది. లోపలి అంచు వెండిలా మెరుస్తోంది. రోడ్డు మొఖం చూడని బండికి ఆ మెరుపెక్కడిదని అనుకుంటుండగానే, పళ్లు తోముకుంటూ యజమాని వచ్చాడు. జాగా వెనకే అతని ఇల్లు.

"ఏందమ్మా గింత పొద్దుగాల?"

"ఇంజను వేడిగెందుకున్నది భాయ్?"

అతను పుక్కిలించి ఉమ్మి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు. "జల్‌పల్లిల మా చెల్లె ఉంటది. వాళ్ల కాలనీల మూడు రోజుల సంది నీళ్లు లేవంట. మస్తు లొల్లి చేసింది. నమాజ్ కాంగనే ఒక ట్యాంకర్ కొట్టి వచ్చిన. ఇయ్యాల ఒక్కరోజే."

"చూసినవా?" అన్నాడు మా ఆయన నాతో. "చెల్లెకు నీళ్లు పోసిండు పాపం."

నాకు నమ్మకం కుదరలేదు. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు చెల్లెళ్లు, నీళ్లు, నమాజులు అన్నీ ఒకేసారి వస్తాయా అనిపించింది. గేటు బయటికి రాగానే మా ఆయన్ని ఇంటికి పొమ్మని, నేను షేర్ ఆటో ఎక్కి జల్‌పల్లి వెళ్లాను.

అక్కడన్నీ కొత్త కాలనీలు. చిన్న చిన్న ప్లాట్లు, సిమెంటు పూత లేని గోడలు, ప్రతి గుమ్మం ముందూ నీలం డ్రమ్ములు. యజమాని కాలనీ పేరు చెప్పలేదు. తడిగా ఉన్న రోడ్డు కోసం వెతుక్కుంటూ నాలుగు సందులు తిరిగాను. ఐదో సందులో నేలంతా చిత్తడిగా ఉంది. డ్రమ్ము దగ్గర ఒకామె బిందెలు నింపుకుంటోంది.

"పొద్దున ట్యాంకర్ వచ్చిందామ్మా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. భుజానికి సంచి, కళ్లద్దాలు, చేతిలో చిన్న పుస్తకం.

"మీరు మున్సిపాల్టీ నుంచి వచ్చిన్రా?"

"కాదమ్మా."

"బోర్లు రాసుకోనీకా? మాకు బోరు లేదు."

"కాదు. ట్యాంకర్ సంగతే అడుగుతున్న."

"నాకేం ఎర్క లేదు," అని బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తూనే ఉంది. నా జీవితంలో ఇంతమందిని అనుమానించాను గానీ, నన్నెవరైనా అలా చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బాగుండదు. గుమ్మం దగ్గరికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను. మూడెకరాలున్నాయని, ట్రాక్టరు కొందామనుకుంటున్నామని, ఆ బండి ఈ పొద్దున ఇక్కడికి వచ్చిందో లేదో తెలుసుకోవాలని.

ఆమె పక్కున నవ్వింది. బయటికొచ్చేసింది.

"ఆ ఎర్ర బండా? మొన్నటిదాంక నీలముండె! ఇయ్యాల ఎర్రగ వచ్చేసరికి మేమే గుర్తుపట్టలే. రెండేండ్ల సంది మాకు నీళ్లు తెచ్చేది అదే."

"రెండేండ్ల సందా?"

"ఆ. మూల తిరిగేటప్పుడు గేరేస్తే కిర్రుమంటది. గా సప్పుడుకే మేము డ్రమ్ములు ఈడ్చుకొస్తం. బ్రేకు మాత్రం పడది. రా, చూపిస్త."

సందు మూల మీద ఒక ఇంటి ప్రహరీ కొస విరిగి ఉంది. విరిగిన ఇటుకల మీద నీలం రంగు గీతలు. వంగి గోటితో గీకి చూశాను. ఎండి పొరలుగా లేచింది.

"ఆ భాయ్ చెల్లెలు ఇక్కడనే ఉంటదా?" అన్నాను.

"ఉంటది. గా చివరిల్లే. ఎందుకు?"

అంటే చెల్లెలు నిజం. నీళ్లు లేవన్నదీ నిజం. మధ్యలో ఉన్న రెండేళ్లు మాత్రం అతని మాటల్లో లేవు. ఆర్సీ పుస్తకంలోనూ లేవు. ఆ రైతు అమ్మేశాడు, కొన్నవాడు పేరు మార్పించుకోకుండా ట్యాంకరుకు కట్టాడు. కాగితం మీద దిద్దుడు లేకపోతే మోసం లేదనుకునే నాలాంటివాళ్ల కోసమే పుట్టినట్టుంది ఆ పద్ధతి.

సాయంత్రం మా ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ బహదూర్‌పురా వెళ్లాను. దారిలో ఏమీ చెప్పలేదు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"జల్‌పల్లి పోయొచ్చిన భాయ్. నీలం బండిని చూసినోళ్లను కలిసిన. పగిలిన గోడ గూడ చూసిన."

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అమ్మా, ట్యాంకర్ బండి అని ముందే చెప్తే మీరు ఈ గేటు లోపలికి వస్తుంటిరా?"

"వస్తుంటిమో లేదో మా ఇష్టం. పొలం తప్ప రోడ్డెరగదని ఎందుకు చెప్పినవ్?"

"గలత్ చెప్పిన. ఒప్పుకుంటున్న." తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "కానీ అన్నకు ఎర్కనే గద? క్లచ్ మీద కాలు పెట్టంగనే నా దిక్కు చూసిండు. అన్నకు సమజ్ అయింది, అయినా అడుగుతలేడంటే ఆయనకు ఫికర్ లేదనుకున్న."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ట్రాక్టరు టైరు వైపు చూస్తున్నాడు.

ఇంటికి నడిచే వచ్చాం. ఆ దారిలో ఇద్దరం అంత దూరంగా ఎప్పుడూ నడవలేదు. తలుపు వేశాక అడిగాను.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుడు?"

"కాలు పెట్టంగనే. పొలం బండి క్లచ్ గంత అరిగి మీదికి రాదు, గల్లీల ఆగుకుంట తిరిగేదానికే గట్లయితది. ముప్పై ఏండ్లు తొక్కిన, నాకు తెల్వదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు వద్దంటవు." గొంతు పెరిగింది. "ఐదు బండ్లు వద్దన్నవు. ఏది చూసినా దాంట్ల ఒకటి దొర్కుతది నీకు. దొర్కకపోతే నీకు నిద్ర పట్టది. పాత బండిల లోపముండక ఏముంటది? దాని ఇంజను మంచిగున్నది. మిగిలినయి బాగు చేసుకోవచ్చని నా మనసుకు తోచింది. నా భుజం ఇప్పటికే సరిగ లేస్తలేదు. ఇంకో రెండు వానకాలాలు పోతే నేను స్టీరింగు పట్టేదెక్కడిది?"

ఊరంతటినీ అనుమానించాను, జల్‌పల్లి దాకా పోయి గోడలు గీకాను, పక్కన కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు. అబద్ధం కూడా కాదు ఆయన చెప్పింది. అసలేమీ చెప్పలేదు, అంతే. ఆర్సీ పుస్తకం లాగే.

తర్వాతి మూడు రోజులూ మా ఇంట్లో గాలి బాగాలేదు. ఆయన పాలు తెస్తే పాకెట్టు మీద తేదీ చూశాను. బీపీ మాత్ర వేసుకున్నానంటే పట్టీలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాను. ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ వాకిట్లోకి వెళితే, బట్టలు ఆరేసే వంకతో నేనూ వెళ్లాను. వాళ్ల అక్కతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "నీ మరదలికి గూడ వినిపించు అక్కా," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆరిన బట్టల్నే మళ్లీ తీసి ఆరేశాను.

నాలుగో రోజు పొద్దున కాగితం, పెన్ను సంచిలో వేసుకున్నాను.

"పా," అన్నాను. "ఆ బండిల నీకు తెలిసినయన్నీ చెప్పు. నేను రాస్త. ఒక్కటి దాచినా నేను ఒప్పుకోను."

బహదూర్‌పురాలో ఆయన బండి చుట్టూ తిరుగుతూ ఒక్కోదాని మీద చెయ్యి వేసి చెప్పాడు. క్లచ్ ప్లేటు అయిపోయింది. బ్రేకు లైనింగులు లేనట్టే. రెండో గేరు పట్టుకుంటుంది. స్టీరింగులో బెత్తెడు ఆట ఉంది. వెనక టైర్లు తారు రోడ్డు మీద నడిచినవి, పట్టు పళ్లు కొసలు అరిగాయి. ముందు చక్రం బుష్షు పోయింది. లైట్ల వైరింగు అతుకులే. ఏడు చెప్పాడు. అందులో నాకు ముందే తెలిసినవి గేరు, బ్రేకు మాత్రమే, అవి కూడా జల్‌పల్లి ఆమె చెబితేనే.

యజమాని పక్కనే నిలబడి విన్నాడు. అయిపోయాక గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోటి గూడ రాసుకో అమ్మా. రేడియేటర్ కింది దిక్కు ఒకసారి కారింది. అతికిచ్చినం."

మా ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఆయనకది తెలియదు. నేను ఎనిమిదోదిగా రాసుకున్నాను, రాస్తూనే ఇతను ఇది ఇప్పుడెందుకు చెబుతున్నాడని ఆలోచించాను. పెద్దదేదో దాచడానికి చిన్నది ముందు పెట్టడం నేను దస్తావేజుల్లో చాలాసార్లు చూశాను.

"మరి మంచిగున్నదేంది?" అని అడిగాను.

"ఇంజను," అన్నాడు మా ఆయన. "ఇంకా లిఫ్టు. ట్యాంకర్ లాగే బండికి లిఫ్టుతోని పనే ఉండది. మనకు కావాల్సిందే అది, గొర్రును లేపాలె, దించాలె."

నోటిమాట నాకు చాలదు. అక్కడే పడి ఉన్న బరువైన నాగళ్ల చట్రాన్ని లిఫ్టుకు తగిలించి, పైకెత్తించి, ఇంజను ఆపించాను. చట్రం కింద ఒక ఇటుక నిలబెట్టి, పైన చిన్న రాయి పెట్టి, సందు వేలెడే ఉండేలా చూసుకున్నాను. లిఫ్టు జారితే చట్రం రాయికి తగులుతుంది. కుర్చీ వేసుకుని గంటసేపు ఆ రాయినే చూస్తూ కూర్చున్నాను. గోడ అవతల నెమళ్లు అరుస్తున్నాయి. యజమాని రెండుసార్లు చాయ్ పంపాడు. రెండోది తాగాను. చట్రం దిగలేదు.

క్లచ్, బ్రేకులు తన ఖర్చుతోనే బాగుచేయించి ఇవ్వాలన్న మా షరతు ఒప్పుకున్నాడు. డిపో మెకానిక్ వచ్చి, బండిని నడుముకాడ విప్పి, కొత్త క్లచ్ ప్లేటు వేసి, బ్రేకులు బాగుచేసేదాకా రెండు రోజులు నేను అక్కడే కూర్చున్నాను. తీసిన పాత ప్లేటు నా చేతికిమ్మన్నాను, నిజంగా మార్చారో లేదో అని. ఆర్సీలో పేరున్న రైతు స్వయంగా వచ్చి నా ముందు సంతకం పెడితేనే తీసుకుంటామన్నాను. ఆ పెద్దమనిషి బస్సులో వచ్చి సంతకం పెట్టి, తన బండికి ఎరుపు రంగేమిటని బాధపడి వెళ్లాడు.

ఇక గొర్రు మిగిలింది. జల్‌పల్లి దాటాక పనిముట్లు వెల్డింగు చేసి అమ్మే ఒక షెడ్డుంది. అక్కడ ఐదు సాళ్ల పాత గొర్రు ఒకటి బాగున్నట్టు కనిపించింది. పెట్టెలో గింజలు పోస్తే, చక్రం తిరిగిన కొద్దీ ఐదు గొట్టాల్లోంచి నేలలోకి జారాలి.

"మక్కలు, కందులు, జొన్నలు, ఏదన్నా ఏసుకోండ్రి," అన్నాడు షెడ్డు యజమాని.

నేను టిఫిన్ డబ్బాలో ఇంటి నుంచి మక్క గింజలు తెచ్చాను. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, చక్రాన్ని ఇటుకల మీద లేపించి, చేత్తో తిప్పమన్నాను. మా ఆయన తిప్పాడు. గింజలు పడ్డాయి. నేను గొట్టాల వరుస చూస్తూ లెక్కపెడుతున్నాను. ఐదింటిలోనూ ఇంచుమించు సమానంగానే పడుతున్నాయి. బాగుందనబోయాను.

మా ఆయన తిప్పడం ఆపి, వంగి, ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టాడు. అది సగం గింజ. పట్టా అంతా చూస్తే మూడింట ఒకటి పగిలినవే. లోపలి పళ్లచక్రం చిన్న గింజలకు చేసింది, మక్కల్ని నలిపేస్తోంది.

"సగం గింజ గూడ మొలుస్తదమ్మా," అన్నాడు షెడ్డు యజమాని, కళ్లు ఆర్పకుండా.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ గొడవ తర్వాత మొదటిసారి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ గొర్రు తీసుకోలేదు. అదే షెడ్డు మూలన తుప్పు పట్టి, చూడ్డానికి ఏమాత్రం బాగాలేని ఇంకొకటుంది. దానిలో మక్కలకని చేసిన పళ్లచక్రం ఉంది. తిప్పి చూస్తే ఒక్క గింజ పగల్లేదు. నాలుగో గొట్టం పగిలి ఉంటే మార్పించుకుని అదే తీసుకున్నాం.

తొలకరికి పదును తగలగానే, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా రెండు రోజుల్లో మూడెకరాలూ విత్తాం. బండి రెండో గేరులో ఇప్పటికీ పట్టుకుంటుంది. రేడియేటర్ నేనింకా నమ్మడం లేదు, వెళ్లినప్పుడల్లా కింద తడి ఉందేమో వంగి చూస్తాను. ఇప్పటిదాకా కారలేదు.

ఆరో రోజు మొలకలు చూడ్డానికి వెళ్లాం. సాళ్లు తీగ లాగినట్టు వచ్చాయి. తూర్పు గట్టు దగ్గర మాత్రం ఒకచోట ఐదు సాళ్లలోనూ పది పన్నెండు అడుగులు ఖాళీ. నేను నోరు తెరవకముందే మా ఆయన చెప్పాడు.

"నాదే తప్పు. ఆడ ఫోనొచ్చింది. లిఫ్టు లేపి మాట్లాడుకుంట పోయిన, దించుడు మర్చిన."

"ఎవరు చేసిన్రు?"

"అక్క. మళ్ల మోకాళ్లే."

నేను ఆ ఖాళీ దగ్గర కూర్చుని, ఒక్కో సాలు ఉండాల్సిన చోట వేలితో మట్టి తవ్వి చూశాను. ఒకచోట, రెండుచోట్ల, మూడుచోట్ల. గింజ లేదు, కుళ్లిన గింజ కూడా లేదు. మట్టిలో గొర్రు గీసిన గీత కూడా లేదు. ఆయన గట్టు మీద నిలబడి నేను తవ్వడం చూస్తున్నాడు. కాసేపటికి మిగిలిన విత్తనాల సంచి తెచ్చి నా పక్కన పెట్టి, గుప్పెడు తీసుకుని ఆ ఖాళీకి అవతలి కొసన తాను కూర్చున్నాడు. ఇద్దరం రెండు వైపుల నుంచి, జానెడుకో గింజ చొప్పున పెట్టుకుంటూ వచ్చాం.